కెప్టెన్ ఏడవకూడని చోటు

వకుళ ముప్పై ఏళ్ల క్రితం ‘ఏడో కక్ష్య’ సీరియల్లో అంతరిక్ష నౌక కెప్టెన్‌గా నటించింది. పాత నటులను యంత్రాలు మళ్లీ యవ్వనంలో చూపించి, ఆగిపోయిన సీరియళ్లన్నిటినీ కొనసాగిస్తున్న రోజులివి. ఆమె సీరియలూ తిరిగొచ్చింది. కోడలు సరయుతో కలిసి గోంగూర ఒలుస్తూ, గోడ మీది తెరలో తనను తానే చూసుకుంటోంది వకుళ.

“నౌక ఎంత బాగుందో అత్తయ్యా!” అంది సరయు.

“అవునే. మాది థర్మోకోల్ నౌక. ఆనుకుంటే విరిగేది.”

ఇంతలో, కూలిపోతున్న గ్రహం మీద ఇంజనీరును వదిలి బయలుదేరాల్సిన ఘట్టం వచ్చింది. తెర మీది కెప్టెన్ అందంగా కన్నీళ్లు కార్చింది.

“ఇక్కడ ఏడవకూడదు,” అంది వకుళ. “నౌకలో మిగతావాళ్లంతా ఆవిడ మొహమే చూస్తున్నారు కదా.”

“మరెలా చెయ్యాలి?”

వకుళ చేతులు దులుపుకుని లేచింది. “బయలుదేరండి,” అంది. అంతే. సరయు గోంగూర ఒలవడం ఆపేసింది.

సరయు పట్టుబట్టి ఆ సీరియల్ తీస్తున్న కంపెనీకి వీడియో ఫోన్ చేయించింది. అక్కడి అమ్మాయికి వకుళ ఫోన్లో చేసి చూపించిన నటన నచ్చింది. మొహం మాత్రం పడుచుదే ఉంచుతామంది.

“ఆ ‘బయలుదేరండి’ అలా అనడానికి నాకు ఇన్నేళ్లు పట్టిందమ్మా. మొహం ఇవ్వకపోతే గొంతూ ఇవ్వను,” అంది వకుళ.

కంపెనీవాళ్లు ఒప్పుకుని, వారం తిరిగేసరికి సీరియలంతా మార్చేశారు. నెరిసిన జుట్టుతో, ముడతల మొహంతో కెప్టెన్ “బయలుదేరండి” అంది. సరయు వెక్కి వెక్కి ఏడ్చింది.

“ఇంకో క్షణం ఆగి అనాల్సింది,” అని గొణుక్కుంది వకుళ. “ఈ వయసులోనూ తొందరే నాకు.”