కంపెనీ సాక్షి

"అమ్మా, ఇది మా బెంచీ. కంపెనీ వాళ్లు అటు కూర్చోవాలి."

కెప్టెన్ ఆ మాట కాస్త కటువుగానే అన్నాడు.

బెంచీ చివర కూర్చోబోయిన పెద్దావిడ ఆ గొంతు వినగానే చటుక్కున తలెత్తింది. ఆయన మొహంలోకి చూస్తూ అలాగే నిలబడిపోయింది.

ఆవిడ చేతిలో విమాన కంపెనీ ముద్ర ఉన్న సంచీ. దిగింది కంపెనీ కారులోంచి. కెప్టెన్ కోర్టు కిటికీలోంచి చూడనే చూశాడు. ఇంక చెప్పేదేముంది, శత్రుపక్షం!

ఆవిడ సంచీలోంచి చిన్న నోటు పుస్తకం, పెన్ను తీసింది.

"మా మాటలు రాసుకోడానికి పంపారా? రాసుకునేదేదో మీ వాళ్ల దగ్గర రాసుకోండి."

ఆవిడ పెన్నుకి మూత పెట్టేసింది. నెమ్మదిగా వెళ్లి ఎదురు బెంచీ మీద కూర్చుంది.

"పోనిద్దురూ సార్, పెద్దావిడ," అన్నాడు పక్కనున్న కుర్ర కో-పైలట్.

"పెద్దావిడే. మన పొట్ట కొట్టడానికొచ్చిన పెద్దావిడ."

కెప్టెన్ కోపంలో న్యాయం లేకపోలేదు. పదిహేడేళ్లు ఆ కంపెనీ విమానాలే నడిపాడు. కాకపోతే కాపురం పరాయి దేశంలో, డ్యూటీ అక్కణ్నుంచే. నిరుడు అక్కడున్న ముప్ఫై నలుగురు పైలట్లనీ ఒక్క కాగితంతో తీసేశారు. అదేమని అడిగితే కంపెనీ చేతులు దులిపేసుకుంది.

"మీరు మా ఉద్యోగులే కారు. ఆ దేశంలో ఏజెన్సీ పెట్టుకున్న మనుషులు. ఏజెన్సీనే అడగండి," అంది.

ఏజెన్సీ అంటే ఒక గది, ఒక బల్ల, తలుపుకి తాళం.

తమకి పని చెప్పింది ఏజెన్సీ కాదు, ఇక్కడి హెడ్డాఫీసే అని రుజువైతే ఉద్యోగాలు నిలుస్తాయి. లేకపోతే అందరూ ఇంటికే. ఇవాళ్టి సాక్ష్యంతో తేలిపోతుంది.

"మేలుకొలుపు అక్కయ్య ఉండుంటే ఒక్క మాటతో తేల్చేసేది," అన్నాడు కెప్టెన్. కోపం దిగి, గొంతు మెత్తబడింది.

"ఎవరు సార్?"

"నీకు తెలీదులే. నువ్వు చేరేసరికి డ్యూటీలు మెసేజీల్లో వచ్చేస్తున్నాయి. మాకు మాత్రం అక్కయ్యే. ఇక్కడి నుంచి రోజూ తెల్లారుజామున ఫోను. 'లేచారా కెప్టెన్ గారూ? లేచానని కోతలు కొయ్యకండి, దుప్పటి చప్పుడు వినబడుతోంది' అనేది."

కో-పైలట్ ఫక్కున నవ్వాడు.

"'మీ వీధిలో మంచు పడుతోందట, పది నిమిషాలు ముందు బయల్దేరండి' అనేది. మా వీధి సంగతి నాకంటే ముందు ఆవిడకి తెలియడమేమిటో! మా పాప పుట్టిన రోజు నేను గాల్లో ఉన్నా. దిగీ దిగగానే ఫోను. 'తరవాతి ఫ్లైటుకి ఇంకొకర్ని వేశాను. ఆస్పత్రికి పరుగెత్తండి. ఆడపిల్ల!' అంది. నాకు కూతురు పుట్టిందని మొట్టమొదట చెప్పింది ఆవిడే."

"మనిషి ఎలా ఉంటారు సార్?"

"ఎవరు చూశారు? నేను అక్కడ, ఆవిడ ఇక్కడ. ఆ గొంతు మాత్రం వెయ్యి మందిలో వినిపించినా పోల్చుకుంటాను."

"పేరేంటో?"

కెప్టెన్ తల దించుకున్నాడు.

"అడగలేదయ్యా. పదిహేడేళ్లలో ఒక్కసారీ అడగాలని తోచలేదు. రిటైరైందట. ఎలా ఉన్నావక్కయ్యా అని ఒక్క ఫోనూ చెయ్యలేదు."

ఎదురు బెంచీ మీద పెద్దావిడ భుజాలు కదులుతున్నాయి. చప్పుడు లేకుండా నవ్వుతోంది. నవ్వి నవ్వి కళ్లొత్తుకుంది.

"చూశావా, మన ఏడుపు వాళ్లకి నవ్వులాటగా ఉంది," అన్నాడు కెప్టెన్ పళ్లు కొరుకుతూ.

ఇంతలో ఆవిణ్ని లోపలికి పిలిచారు. కంపెనీ లాయరు చిరునవ్వుతో దగ్గరుండి తీసుకెళ్లాడు.

మూడు గంటలు గడిచాయి. తలుపు వెనక నుంచి ఒక్క మాట కూడా వినబడలేదు. కెప్టెన్ వరండాలో అటూ ఇటూ తిరిగి కాళ్లు అరగదీసుకున్నాడు.

తలుపు తెరుచుకుంది. కంపెనీ లాయరు మాడిన మొహంతో విసవిసా వెళ్లిపోయాడు.

వెనకే ఆవిడ వచ్చింది. కెప్టెన్ ముందు ఒక్క క్షణం ఆగింది.

ఆయన మొహం తిప్పేసుకున్నాడు.

ఆవిడ మెట్లు దిగి వెళ్లిపోయింది.

చివరికి పైలట్ల తరఫు లాయరమ్మ కాగితాలతో పరుగున వచ్చింది.

"గట్టెక్కాం కెప్టెన్ గారూ! తీర్పు రాకముందే, అందర్నీ తిరిగి తీసుకుంటామని కంపెనీ రాజీకొచ్చేసింది."

"అదేంటి? ఆవిడ కంపెనీ సాక్షి కదా!"

"డ్యూటీలు వేసిన మనిషిని తెమ్మని కోర్టు అడిగితే తప్పక తెచ్చారు. పధ్నాలుగు పేజీలు రాశారావిడ. ఎవరికి ఏ రోజు ఏ డ్యూటీ వేసిందీ, ఎవరి సెలవు ఎవరు రద్దు చెయ్యమంటే చేసిందీ, అంతా హెడ్డాఫీసు పెత్తనమే అని రాసి సంతకం పెట్టారు."

"రాయడం దేనికి? నోటితో చెప్పొచ్చుగా?"

"ఎలా చెబుతారండీ? గొంతుకి ఆపరేషనై మాట పోయిందట. మాట లేని మనిషి ఏం చెబుతుందిలే అనే కదా వాళ్లు అంత ధీమాగా తెచ్చింది!"

కెప్టెన్ ఖాళీగా ఉన్న ఎదురు బెంచీ వంక చూశాడు. మరుక్షణం మెట్ల మీద పడి పరుగెత్తాడు.

కంపెనీ కారు ఆవిణ్ని వదిలేసి ఎప్పుడో పోయింది. ఇంతసేపూ స్టాపులో కాచుకుని ఆవిడ అప్పుడే ఎక్కిన బస్సు మలుపు తిరుగుతోంది. కెప్టెన్ చెయ్యెత్తి అరిచాడు. బస్సు ఆగలేదు.

వెనకాలే రొప్పుతూ వచ్చాడు కో-పైలట్.

"ఎవరు సార్ ఆవిడ?"

"మేలుకొలుపు అక్కయ్య," అన్నాడు కెప్టెన్. "నా గొంతు వినగానే ఆవిడ నన్ను పోల్చుకుంది, నేనేమో అటెళ్లి కూర్చోమన్నాను."