పెట్టెలోని ఆవిడ

"ఆవిడ చెబితే మాత్రం చెవులు పనిచేస్తాయన్నమాట!" అంటూ ఇల్లాలు కాఫీ గ్లాసు టక్కున బల్ల మీద పెట్టింది.

పాల ట్యాంకరు నడిపే ఆమె మొగుడు బూట్ల లేసులు కట్టుకుంటూ నవ్వాడు.

"ఆవిడ తీరే వేరు. బండిలో కొత్తగా పెట్టె బిగించారని చెప్పానుగా. ఎక్కడో కూర్చుని నా వేగమంతా చూస్తుంటుంది. కాస్త తొక్కానో లేదో, 'డ్రైవరు గారూ, వేగం తగ్గించండి' అంటుంది. ఎంత మర్యాదో! కాకపోతే కొంచెం ముక్కుతో మాట్లాడుతుంది."

"ముక్కుతోనా?" ఆమె కస్సుమంది.

"పెట్టెలోంచి అలా వినపడుతుందేమోలే. అయినా నీకెందుకే అంత ఉడుకుమోత్తనం?"

ఉడుకుమోత్తనమే. దాచుకోవడం దేనికి? పెళ్ళైనప్పటి నుంచీ మెల్లగా పొమ్మని ఆమె మొత్తుకుంటూనే ఉంది. "సణగకే తల్లీ" అన్నదే ప్రతిసారీ జవాబు. కిందటేడు వంతెన గోడను గుద్ది భుజం విరగ్గొట్టుకున్నప్పుడు కూడా తప్పంతా గోడదేనన్నాడు. అలాంటి మనిషి ఇప్పుడు ఆవిడెవరో ఒక్క మాటంటే పిల్లిలా "అలాగే మేడం" అంటున్నాడు.

"నేనంటే సణుగుడు, ఆవిడంటే మర్యాదా?"

"నీకేం తెలుసే బండి సంగతి? ఆవిడకి అదే పని," అంటూ తాళాలు తీసుకుని చక్కా వెళ్ళిపోయాడు.

ఆమెకు ఒళ్ళు మండిపోయింది. ఆ కోపమంతా గిన్నెల మీద తీర్చుకుని, తనూ తయారై ఉద్యోగానికి బయల్దేరింది. ఏదో ఫోన్ల ఆఫీసు అని తప్ప, అక్కడ ఆమె ఏం చేస్తుందో ఆ మహానుభావుడు ఏనాడూ అడిగిన పాపాన పోలేదు.

కుర్చీలో కూర్చున్నా కడుపుమంట చల్లారలేదు. ఇవాళ ఆ మేడం గారి నోరు పడిపోతే ఎంత బాగుండు! ఆ పెట్టె మూగబోతే అప్పుడు తెలిసొస్తుంది ఆయనకి, పెళ్ళాం మాట విలువ.

అతని బండి కొండ దిగే వేళయింది. పల్లం కనబడితే చాలు, అతనికి ఒళ్ళు తెలియదు. కింద బడి దగ్గరే మలుపు.

ఆవిడ మాట్లాడకూడదు, ఈ ఒక్కరోజూ ఆవిడ మాట్లాడకూడదు అనుకుంటూ పళ్ళు బిగబట్టింది. మరుక్షణం ఆ మలుపు కళ్ళ ముందు మెదిలింది. ఎంతైనా తన మొగుడు.

"డ్రైవరు గారూ, వేగం తగ్గించండి," అంది మైకులో.