ఎమోబా పొర

ఇళ్లలో పరిచిన బండలు మాట్లాడడం మొదలుపెట్టి పదేళ్లయింది. తడిగుడ్డ తగిలితే చాలు, తాము ఏ పొర రాయో, తమ వయసెంతో గడగడా చెప్పేస్తాయి.

ఓబులమ్మ వంటింటి నాపబండ రోజూ "నాది ఎమోబా పొర" అని గొప్పలు పోయేది. ఎప్పుడో తెలుగు రాని సర్వే ఆఫీసరొకాయన ఈ రాయిని చూపించి పేరడిగితే, ఓబులమ్మ వాళ్లవ్వ "ఏమోబ్బా!" అందట. ఆయన చెవికి ఎలా వినబడిందో అలాగే పటంలోకి ఎక్కించాడు.

ఈ పొద్దున బండ గొంతు తగ్గించింది.

"అక్కా, సర్వేవాళ్లు నా పేరు రద్దు చేసినారు. పక్క జిల్లా పొరా నేనూ ఒకటేనంట. పాతపేరు పలికితే నా నోరు మూయిస్తారంట."

"మా అవ్వ పెట్టిన పేరు తీసేదానికి వాళ్లెవురు?" ఓబులమ్మ గుడ్డ విసిరికొట్టింది. మళ్లీ గుడ్డ తీసుకుని బండ తుడుస్తూ, "ఎవురన్నా అడిగితే తెల్దని చెప్పు" అంది.

"ఎట్ల చెప్పాల?"

"మా అవ్వ చెప్పినట్టే."

మధ్యాహ్నం తనిఖీకి సర్వేవాళ్ల కొత్త ఆఫీసరు వచ్చాడు. బండ మీద తడిగుడ్డ వేసి, "నువ్వు ఎమోబా పొరవేనా?" అని అడిగాడు.

"ఏమోబ్బా!" అంది బండ.

పాతపేరు పూర్తిగా మరిచిపోయిందని ఆఫీసరు తృప్తిగా రాసుకున్నాడు.