ఉప్పు పోసిన వడ్లు

మొలక కోసం తడిపి కట్టిన విత్తనవడ్ల సంచి విప్పగానే లోపలంతా ఉప్పు కనిపించింది.

"నారు పోసేనాడు గిదేం పనే? వడ్లన్నీ సచ్చినయ్!" సుకన్య అత్త అనసూయమ్మ అరిచింది. "ఎల్లారెడ్డి ఊళ్లె బడి మాన్పించి నీ బిడ్డకు ఇంట్ల నేర్పిన సదువు గిదేనా?"

సుకన్య కోప్పడలేదు. పిల్లలు తప్పు చేస్తే తిట్టకుండా అందులోంచే పాఠం చెప్పాలన్నది ఆమె పద్ధతి. మొన్న పదేళ్ల మనోజ్ఞ పొదిగే కోడి కింది గుడ్లు పగలగొడితే, కూర్చోబెట్టి లోపల పిల్ల ఎలా పెరుగుతుందో చెప్పింది.

ఇప్పుడూ ఒక గింజ తీసి కూతురి అరచేతిలో పెట్టింది.

"చూడు బిడ్డా, గింజ లోపలి నీళ్లను ఉప్పు గుంజుకున్నది. ఎందుకు గుంజుకుంటదో చెప్పు?"

"రేపు కొంపకు నిప్పు పెడితే మంట మీద గూడ పాఠం చెప్పు!" అంది అనసూయమ్మ.

మనోజ్ఞ గింజను విసిరికొట్టింది.

"నేనే పోసిన. కావాలనే పోసిన. గుడ్లు గూడ కావాలనే పగలగొట్టిన. నా దోస్తు ఎస్తేర్ తోని బడికి పోనియ్యలేదని కోపమొచ్చి చేసిన. ఎందుకే గింత కోపమని ఒక్కసారన్న అడుగుతవేమోనని చూసిన అమ్మా. నువ్వు పాఠమే అడుగుతవు."