ఆరో నంబరు మంచం

"సెఫ్‌ట్రియాక్సోన్ మొదలుపెడదామనుకుంటున్న సార్," అంది డాక్టర్ సింధుజ.

దత్తాత్రి సారు కళ్లు తెరవలేదు. కేసు చెప్తుంటే కళ్లు మూసుకుని వినడం ఆయన పాత అలవాటు. సిద్దిపేటలో ఆయన దగ్గర పని నేర్చుకున్న డాక్టర్లందరికీ అది తెలుసు. ఆయన ముందు పేషెంటు పేరు ఎత్తకూడదనీ తెలుసు. మంచం నంబరే చెప్పాలి.

"గా తెర జర గుంజు, ఎల్తురు కండ్లల్ల పడుతుంది. ఆరో నంబరుకు మెనింజైటిస్ యాడ అంటుకుంది? ఇంట్లనా, దవాఖానలనా?"

"దవాఖానలనే సార్. తలకు ఆపరేషన్ అయినంక."

"మరి గా మందు చూస్తే దవాఖాన క్రిములు నవ్వుకుంటయి బిడ్డా. అవి మన మందుల నడుమనే పెరిగినయి."

సింధుజ నవ్వబోయి ఆగింది. స్పృహ మందగిస్తే ఆరో నంబరును వెంటనే హైదరాబాద్ పంపాలి. దారిలో ఏమైనా కావచ్చు.

"జెంటామైసిన్ కలుపుత సార్."

"నరంల ఇస్తే గది మెదడు దాంక సరిగ పోతదా? పరీక్షల కాపీ కొట్టినవా ఏంది?"

"నెత్తి మీద మీరే నిలబడితిరి గద సార్, ఎట్ల కొడత?"

ఆయన పెదవి కొంచెం వంకర తిరిగింది. "ఆపరేషన్ ఎన్నడైంది?"

"మంగళవారం సార్."

"సోమవారం. ఇయ్యాల బుధవారం, తొమ్మిది దినాలు. గిది గూడ నేనే చెప్పాల్నా?"

"వాంకోమైసిన్, మెరోపెనెమ్. రెండూ ఇస్త."

"కిడ్నీలు?"

"రోజూ చూస్త."

"వెన్ను నీళ్ల రిపోర్టు వచ్చినంక?"

"అక్కరలేనిది ఆపేస్త."

"గిప్పుడు డాక్టర్ లెక్క మాట్లాడినవ్. ఇగ ఆలస్యం చెయ్యకు, పో."

సింధుజ గది బయటికి వచ్చి తలుపు దగ్గరగా వేసింది. అక్కడే నిలబడి అంతా విన్న నర్సు మహేశ్వరి ఆమెను వింతగా చూసింది.

"గా రెండు మందులు మీరు చెప్తెనే పొద్దుగాల ఎక్కించినం గద మేడం. అన్నీ తెలిసి గన్ని తప్పులు చెప్పుడెందుకు, తిట్లు తినుడెందుకు?"

సింధుజ ఆరో నంబరు కేస్‌షీట్ తెరిచింది.

'దత్తాత్రి సారు పూర్తి స్పృహలో ఉన్నారు' అని రాసింది.