దిష్టిచుక్క

"ఒక్క వార్నింగూ లేదేటమ్మా?" సన్యాసిరాజు కంగారుపడ్డాడు.

"డిజైన్ సరిచేసి అన్నీ తీసేసిన సార్," అంది రజిత. గర్వం దాచుకోలేకపోయింది.

మెట్టుగూడలోని ఆ డిజైన్ ఆఫీసులో ఆయన సీనియర్. డిజైన్‌లో లోపముందని సాఫ్ట్‌వేర్ వార్నింగులిచ్చి ఎంత మొత్తుకున్నా రెండు వాక్యాల వివరణతో దాని నోరు మూయించగల ఘనుడు. రజిత ఇంకా ప్రొబేషన్‌లోనే ఉంది. ఈ హీట్ ఎక్స్ఛేంజర్ మొదటి పరిశీలనలోనే పాసైతే ఉద్యోగం పర్మనెంటు, లేకపోతే ఇంటికే. మందుల ఫ్యాక్టరీకి వెళ్లే పరికరమది. పెద్ద స్టీలు డొల్లలో వందల సన్నని ట్యూబులు, వాటిలో చన్నీళ్లు, వాటి చుట్టూ నిప్పు తగిలితే భగ్గుమనే ద్రావకపు ఆవిరి.

"తప్పు చేసేవు. క్లయింటు తరఫున చూసే సదాశివ గారికి ఏదో ఒక తప్పు పట్టకపోతే అన్నం సయించదు. ఏమీ దొరక్కపోతే పునాదుల దాకా తవ్వుతాడు. చిన్న వార్నింగ్ ఒకటి ఉంచు. పసిబిడ్డకి దిష్టిచుక్క పెట్టమా, అలాగే. ఆయన పట్టుకుంటాడు, మురిసిపోతాడు, సంతకం పెడతాడు. ఇన్నేళ్లూ నా డిజైన్లు ఇలాగే పాసయ్యేయి."

"మంచిగున్నదాన్ని చెడగొట్టనీకి మనసొస్తలేదు సార్. మీరే పెట్టరాదుండ్రి."

"డిజైన్ నీది, చుక్కా నీదే," అని తేల్చేసి ఆయన మల్కాజ్‌గిరి బస్సెక్కాడు.

మర్నాడు రజిత రాకముందే క్లయింటు నుంచి మెయిలొచ్చింది. ఆవిరి ముందు చెప్పినదానికంటే కొంచెం ఎక్కువ వస్తుందట. సన్యాసిరాజే కొత్త అంకె కొట్టి ప్రోగ్రాం నడిపాడు. చివరి పేజీలో ఒకే ఒక్క వార్నింగ్ కనిపించింది: ట్యూబులు అదిరి తెగే ప్రమాదం ఉంది.

'పిల్ల మాట విన్నాది,' అనుకుని రిపోర్టు పంపించేశాడు. తర్వాత వచ్చిన రజిత ఆ పేజీ చూసి, ఆయన వైపు చూసింది. ఆయన నవ్వాడు. ఆమె కూడా నవ్వింది.

సాయంత్రం సదాశివ ఫోన్ చేశాడు. "ఏందీ సన్యాసిరాజు గారూ గిట్ల? ట్యూబులు అదురుతయని వార్నింగున్నది, చూసుకోలేదా?"

"మీ కంట పడకుండా ఉంటుందేటండీ. ఆ సాఫ్ట్‌వేర్‌కి పిరికితనం ఎక్కువండి. వివరణ రాసిచ్చేస్తాం."

"జెర మంచిగ రాయుండ్రి. నేను పట్టిన్నని సుత రాయుండ్రి."

రాశారు. సంతకమైంది. పరికరం తయారై ఫ్యాక్టరీకి వెళ్లింది. దానిలోకి ఆవిరి వదిలిన రోజే రజితకు పర్మనెంటు చేస్తూ ఉత్తరం అందింది. ఆఫీసంతా లడ్డూలు పంచింది.

"ఏం పెట్టేవమ్మా చుక్క," అన్నాడు సన్యాసిరాజు నోరు తీపి చేసుకుంటూ. "అచ్చం నిజం వార్నింగ్‌లాగే ఉంది."

రజిత చెయ్యి లడ్డూల డబ్బా మీదే ఆగిపోయింది.

"నేను పెట్టలే సార్, మీరే పెట్టిండ్రనుకున్న."