దండ లేని స్తంభం

“మళ్ళీ తీసేశారా!”

సున్నివా నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడింది. పొద్దుట్నుంచి ఇది మూడోసారి. పన్నెండు స్తంభాల్లో పదకొండింటికి బర్చ్ ఆకుల దండలు వేలాడుతున్నాయి. గుమ్మం పక్కనున్న పన్నెండోది మాత్రం బోడిగా ఉంది. దాని దండ చక్కగా మడిచి బెంచీ మీద పెట్టి ఉంది. పక్కనే బోర్గ్‌హిల్డ్ మామ్మ తాపీగా ఫ్లాస్కులోంచి కాఫీ వంచుకుంటోంది.

పెళ్లి రేపు మధ్యాహ్నమే. ఈ చెక్క చర్చి కట్టి ఇంకా ఏడాది కాలేదు. గోడలకి పూసిన తారు ఎండ తగిలితే ఇప్పటికీ గుప్పుమంటుంది. ఇందులో జరగబోయే మొట్టమొదటి పెళ్లి ఇదే. చర్చి తాళాలుండేది సున్నివా దగ్గర, పెళ్లికూతురూ సున్నివానే. వారం రోజులుగా ఆమె కాళ్లు నేల మీద ఆనడం లేదు. ఆనించేది ఈ మామ్మే.

“మామ్మగారూ, ఆ దండ మీకేం అడ్డమొచ్చింది?”

“నాకేం అడ్డం లేదు. దానికి అక్కర్లేదు.”

“మీరన్నారనే కదా పూలు తగ్గించాను!”

“తగ్గించమన్లేదు. వద్దన్నాను. ఇదిగో, వాఫుల్ తిను. ఆకలికే నీకింత కోపం.”

స్తంభాల కోసం ఊళ్లో ఇంటికో పైన్ చెట్టు ఇచ్చారు. మామ్మ చెట్టుకి నరికే శ్రమ కూడా లేకపోయిందనీ, ఏళ్ల తరబడి ఆవిడ పెరట్లో పడి ఉందనీ వడ్రంగి చెప్పాడు. స్తంభాలు లేపిన నాటి నుంచీ మామ్మ రోజూ వస్తోంది. తన స్తంభానికి ఎప్పుడూ ఆనుకోదు, ఎదురుగా కూర్చుంటుంది. వెళ్లేముందు అరచేత్తో ఒక్కటి చరిచి, “కదలకు” అంటుంది. చూసినవాళ్లంతా ముచ్చటపడతారు. సున్నివాకి ఒళ్లు మండుతుంది.

“మీ చెట్టు మీకు గొప్పే, కాదన్ను. కానీ అందరూ ఇచ్చారు. ఎవరూ ఇలా కాపలా కూర్చోలేదు.”

“వాళ్ల చెట్లకి కాపలా అక్కర్లేదు.”

“ఇదొక్కటే పారిపోతుందా ఏం?”

“ఇక్కణ్ణుంచి ఎటూ పోలేదు. అందుకే ఇచ్చాను. పొయ్యిలో పెడితే ఒక్క చలికాలంలో అయిపోయేది. అంత తేలిగ్గా పోనిస్తానా? వందల ఏళ్లు నిలబడాలిది. ఆ కప్పంతా మొయ్యాలి.”

ఇంత మమకారం పెట్టుకుని దండ దగ్గర ఈ పేచీ ఏమిటో! సున్నివా పళ్లు కొరుక్కుంది.

“రేపు మా అత్తగారు చూసి, పన్నెండోదానికి ఆకులు చాల్లేదు కాబోలు అంటుంది. ఆవిడ నోరు మీకు తెలీదు.”

“తెలీకేం? వాళ్లమ్మ నా పక్క బెంచీలోనే చదువుకుంది. అదే నోరు.”

నవ్వు ఆపుకోవడానికి సున్నివా మొహం తిప్పుకుంది. మామ్మ ఫ్లాస్కు మూత బిగించింది.

“నీ పెళ్లికొడుకు ఐవిండ్ సోమవారం నుంచి మళ్లీ అడవికేనా?”

“చెట్లు కొట్టేవాడు ఇంకెక్కడికి పోతాడు?”

“తలకి గట్టి టోపీ పెట్టుకుంటాడా?”

“మామ్మగారూ! మాట మార్చకండి!”

ఇక ఓపిక లేదు. సున్నివా దండ భుజాన వేసుకుని నిచ్చెన ఎక్కేసింది. మామ్మ గబగబా వచ్చి నిచ్చెన పట్టుకుంది.

“దిగు పిల్లా.”

“దిగను. రేపు ఐవిండ్ చెయ్యి పట్టుకుని దీని పక్కనుంచే నడవాలి నేను.”

“అందుకే వద్దంటున్నా.”

“మీకింత ఇష్టమైన చెట్టు—”

“ఇష్టమా?”

మామ్మ స్తంభాన్ని చరిచింది. ఈసారి ఆ చప్పుడు కప్పుదాకా వెళ్లి వచ్చింది.

సున్నివా మెల్లగా ఒక మెట్టు దిగింది. “మరేమిటో చెప్పండి. నాకు తెలియాలి.”

మామ్మ చెయ్యి స్తంభం మీదే ఉంది.

“మా ఆయన మీద పడింది ఈ చెట్టే.”